మర కాళ్ళు – మనవరాలి నడక

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17వ తేదీన మనం ఇలా చేరి, 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పును తలచుకుంటాం. పెన్షన్ సర్కారు దయతలచి ఇచ్చే దానం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని ఆ తీర్పు చెప్పింది. ఆ తరువాత డి.ఏ. బకాయిల గురించీ, హెల్తు కార్డుల గురించీ మాట్లాడుకొని, భోజనాలు చేసి ఇళ్ళకు వెళతాం. ఈసారి కార్యదర్శి గారు నన్ను పిలిచి, "బకాయిల సంగతి ఎలాగూ ఉండేదే. మీ మనవరాలిని నడిపించిన ఆ యంత్రం సంగతి చెప్పండి మాస్టారూ. మన సభ్యుల ఇళ్ళల్లో కూడా అలాంటి పిల్లలున్నారు" అన్నారు. నేను డాక్టరును కాను, ఇంజనీరును అంతకంటే కాను. ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగా కాగితాలు చూసినవాణ్ణి. ఎవరేం చెప్పినా "దీనికి ఆధారం ఏమిటి? వెనకటి కాగితం ఏది?" అని అడగడం ఒక్కటే నాకు అబ్బిన విద్య. ఆ విద్యతోనే ఈ నాలుగు మాటలు చెబుతాను. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

మా అమ్మాయికి 2015లో ఏడో నెలలోనే కాన్పు వచ్చింది. బిడ్డను కొన్ని వారాలు అద్దాల పెట్టెలో ఉంచారు. బతికి బట్టకట్టింది, అదే పదివేలనుకున్నాం. తొమ్మిదో నెల దాటినా పిల్ల కూర్చోలేదు. కాళ్ళు కత్తెరలాగా ఒకదాని మీద ఒకటి పడేవి. ఎత్తుకొని నిలబెడితే మునివేళ్ళ మీద బిగుసుకొనేది. అమ్మాయి భయపడి, పెద్ద డాక్టరుకు చూపిద్దాం అంది. అప్పుడు నేనన్న మాట ఈ సభలో చెప్పడానికి సిగ్గుగానే ఉంది. "మన ఇంటా వంటా అందరూ ఆలస్యంగానే నడిచారమ్మా. నేను కూడా రెండో ఏడు వచ్చాకే నడిచానట. కంగారు పడకు" అన్నాను. చుట్టాలు తలో మాటా అన్నారు. గ్రహణం నాడు బయటికి వచ్చిందా అని ఒకరు, మేనరికమా అని ఒకరు. మేనరికం కాదు, గ్రహణమూ లేదు. పెద్దవాణ్ణి కదా, నా మాట చెల్లింది. అలా పదకొండు నెలలు గడిచాక, ఇరవయ్యో నెలలో గాని డాక్టరు దగ్గరకు వెళ్ళలేదు. ఆయన అయిదు నిమిషాలు చూసి "సెరిబ్రల్ పాల్సీ" అన్నారు.

మన వయసు వాళ్ళందరికీ పోలియో తెలుసు. ఆ పేరు చెప్పుకొని కాలిపర్స్ వేసుకొన్న పిల్లలు మన వీధుల్లో ఉండేవారు. చుక్కల మందు పుణ్యమా అని మన దేశంలో చివరి పోలియో కేసు 2011లో నమోదయింది, 2014లో దేశం పోలియో రహితమని ధ్రువీకరణ వచ్చింది. అందుకని కాళ్ళు రాని పిల్లను చూడగానే మనకు పోలియోనే గుర్తుకొస్తుంది. కాని ఇది వేరు. పోలియోలో వెన్నుపాములోని నరాలు దెబ్బతిని కండరం చచ్చుబడి వేలాడుతుంది. సెరిబ్రల్ పాల్సీలో కాలికి ఏమీ కాలేదు, కాలికి ఆజ్ఞ ఇచ్చే మెదడు దెబ్బతింది. కడుపులో ఉన్నప్పుడో, కాన్పు సమయంలోనో, పుట్టిన కొత్తలోనో ఆ దెబ్బ తగులుతుంది. నెలలు నిండని బిడ్డలకు ఆ ప్రమాదం ఎక్కువ. ఎక్కువ మందిలో కండరం వేలాడదు, బిగుసుకొంటుంది. లండన్‌లో విలియం జాన్ లిటిల్ అనే శస్త్రవైద్యుడు నెలలు నిండని కాన్పులకూ, కష్టమైన కాన్పులకూ ఈ బిగుతుకూ ఉన్న సంబంధాన్ని 1860 ప్రాంతాల్లోనే వివరించాడు. అందుకే చాలాకాలం దీన్ని లిటిల్ జబ్బు అనేవారు. అంటే ఇది కొత్త జబ్బూ కాదు, ఎవరి శాపమూ కాదు.

మెదడులో దెబ్బ పెరగదు. కాని పిల్ల పెరుగుతుంది. ఎముక పొడుగు సాగుతుంది, బిగుసుకొన్న కండరం దానితో సమంగా సాగదు. అందువల్ల చూస్తూ ఊరుకుంటే మోకాళ్ళు వంగిపోతాయి, మడమ నేలకు ఆనదు, తుంటి కీలు పక్కకు జరుగుతుంది. ఈ పిల్లలను 1 నుంచి 5 వరకు అయిదు స్థాయిలుగా చూస్తారు. కెనడాలో 1997లో తయారుచేసిన పద్ధతి అది. మన ఆఫీసుల్లో గ్రేడులున్నట్టే అనుకోండి. 1వ స్థాయి వాళ్ళు తమంతట తాము నడుస్తారు, మెట్లు ఎక్కుతారు. 3వ స్థాయి వాళ్ళు వాకరు పట్టుకొని నడుస్తారు. 5వ స్థాయి వాళ్ళను ఎక్కడికైనా మనమే తీసుకువెళ్ళాలి. మా మనవరాలిది 3వ స్థాయి.

ఆ కెనడా వాళ్ళే అక్కడి ఆంటారియో రాష్ట్రంలో 657 మంది పిల్లలను కొన్నేళ్ళపాటు గమనించి 2002లో ఒక పత్రం ప్రచురించారు. పెద్ద కదలికల విషయంలో ఈ పిల్లలు సాధించగలిగిన దానిలో నూటికి తొంభై వంతులు సుమారు అయిదేళ్ళ వయసు లోపే సాధిస్తారనీ, స్థాయి తీవ్రమైన కొద్దీ ఆ గడువు ఇంకా ముందే ముగుస్తుందనీ దాని సారాంశం. ఈ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఉన్న అరవై నెలల్లో పదకొండు నెలలు నా "ఇంటా వంటా" మాట కింద పోయినాయి. ఆఫీసులో ఒక కాగితం పదకొండు నెలలు నా బల్ల మీద ఉండిపోయి ఉంటే మెమో ఇచ్చేవారు. ఇక్కడ మెమో ఇచ్చేవారు లేరు, మా అమ్మాయి ఇప్పటిదాకా పల్లెత్తు మాట అనలేదు.

ఇక యంత్రం సంగతి. ముందు అసలు యంత్రం ఎందుకు కావలసి వచ్చిందో చెబుతాను. అమెరికాలో న్యూయార్కు విశ్వవిద్యాలయం వారు 2012లో ఒక విచిత్రమైన లెక్క తీశారు. కొత్తగా నడక నేర్చే పిల్లలు, అంటే ఏడాది నుంచి ఏడాదిన్నర ప్రాయం వాళ్ళు, ఆడుకొనేటప్పుడు గంటకు సగటున 2,368 అడుగులు వేస్తారట, 17 సార్లు పడతారట. మనం ముద్దుగా "తప్పటడుగులు" అంటామే, వాటి లెక్క అది. రోజుకు వేల అడుగులు వేసి, పదుల సార్లు పడితే గాని నడక రాదన్నమాట. మరి మా పిల్ల వాకరు పట్టుకొని వరండాలో అటూ ఇటూ తిరిగితే పావుగంటకు నలభై అడుగులు. చెమటలు పట్టి కూలబడేది. ఈ లెక్కన మామూలు పిల్ల ఒక గంటలో వేసే అడుగులు మా పిల్ల వెయ్యాలంటే పదిహేను గంటలు కావాలి.

పూర్వం దీనికి ఒక ఉపాయం ఉండేది. రోగిని పట్టీలతో పైనుంచి వేలాడదీసి, కదిలే బెల్టు మీద, అంటే ట్రెడ్‌మిల్లు మీద నిలబెట్టి, ఇద్దరు ఫిజియోథెరపిస్టులు రెండు పక్కలా కూర్చొని చేతులతో కాళ్ళు జరిపేవారు. నాలుగు నిమిషాలకే వాళ్ళ నడుములు పట్టేసేవి. ఇద్దరి చేతులూ ఒక్కలాగా ఉండవు గనుక అడుగు అడుగుకీ తేడా వచ్చేది. స్విట్జర్లాండులో జూరిక్ నగరంలోని బాల్‌గ్రిస్ట్ ఆసుపత్రిలో గేరీ కొలంబో అనే ఇంజనీరు, ఆయన సహచరులు ఆ చేతుల పనిని మోటార్లకు అప్పగించారు. హోకోమా అనే కంపెనీ 1996లో పుట్టింది. వాళ్ళ యంత్రం పేరు లోకోమాట్. మొదట వెన్ను దెబ్బతిన్న పెద్దవాళ్ళ కోసం చేశారు. తరువాత పిల్లల కోసం చిన్న కాళ్ళు తయారుచేశారు. తొడ ఎముక సుమారు 21 సెంటీమీటర్లుంటే చాలు, అవి సరిపోతాయి. అంటే ఇంచుమించు నాలుగేళ్ళ వయసు నుంచి వాడవచ్చు. జూరిక్ దగ్గర ఆఫోల్టర్న్ అనే ఊళ్ళోని పిల్లల పునరావాస కేంద్రంలో దీని మీద తొలి పరీక్షలు జరిగి 2007లో ఫలితాలు అచ్చయ్యాయి.

దాని పనితీరు ఇలా ఉంటుంది. పిల్లకు చొక్కాలాంటి గట్టి పట్టీ తొడిగి, తాళ్ళతో పైకి కొంచెం లేపుతారు. దానితో ఒంటి బరువులో కొంత భాగం కాళ్ళ మీద పడదు. కాళ్ళ పక్కన రెండు లోహపు చట్రాలు వస్తాయి. తుంటి దగ్గర ఒక మోటారు, మోకాలి దగ్గర ఒక మోటారు. పాదం ముందుభాగాన్ని ఎత్తి పట్టడానికి సాగే పట్టీలుంటాయి. కింద బెల్టు కదులుతుంటే చట్రం కాలిని సరైన తీరులో జరుపుతుంది. పిల్ల తన బలం ఎంత పెడుతోందో యంత్రం కొలిచి ఎదురుగా తెర మీద చూపిస్తుంది. బలం పెడితే తెరమీది బొమ్మ పరుగెడుతుంది, పెట్టకపోతే ఆగిపోతుంది. గంటకు 1.2 కిలోమీటర్ల వేగంతో 25 నిమిషాలు నడిస్తే అర కిలోమీటరు. పిల్ల అడుగు జానెడు పైచిలుకు, 25 సెంటీమీటర్లనుకుంటే రెండు వేల అడుగులు. చూశారా, ఇప్పుడు లెక్క కుదిరింది.

ఇలాంటివే మరికొన్ని ఉన్నాయి. స్పెయిన్ దేశంలో ఎలీనా గార్సియా అర్మాడా అనే శాస్త్రవేత్త, ఒంటికి తొడుక్కొని గదిలో ఎటంటే అటు నడిచే మర కాళ్ళను పిల్లల కోసం తయారుచేసింది. ఆమెకు 2022లో ఐరోపా పేటెంటు కార్యాలయం వారి ప్రజాదరణ బహుమతి వచ్చింది. కెనడాలో మన్మీత్ మగ్గూ, రాహుల్ ఉదాసీ అనే ఇద్దరు స్నేహితులు, మామూలు వాకరుకు బిగించే మర కాళ్ళను ట్రెక్సో అనే పేరుతో చేశారు. మన్మీత్ కుటుంబంలో, మన దేశంలో ఉన్న ఒక పసివాడికి ఇదే జబ్బు రావటమే దానికి మూలం. కేరళలో, మ్యాన్‌హోళ్ళు శుభ్రం చేసే బండికూట్ యంత్రం చేసిన కుర్రాళ్ళే జి-గైటర్ అనే నడక యంత్రం కూడా చేశారు. మన పిల్లలే ఇలాంటివి చేస్తున్నారంటే ముందు ముందు ధర దిగివస్తుందని నా ఆశ.

మా విషయానికి వస్తాను. 2020లో లాక్‌డౌను వచ్చి ఫిజియోథెరపీ నెలల తరబడి ఆగిపోయింది. పిల్ల పిక్కలు బిగుసుకుపోయి మడమ నేలకు ఆనడం మానేసింది. అంతకు ముందు వాకరుతో వీధి గుమ్మం దాకా వచ్చే పిల్ల మంచం దిగడానికి మొరాయించింది. 2022లో మా అల్లుడుగారు ఫోనులో ఈ యంత్రం వీడియో చూపించారు. చట్రంలో నిలబడి టకటకా అడుగులు వేస్తున్న పిల్లవాణ్ణి చూసి నాకు కళ్ళు చెమర్చాయి. మర్నాడే నగరంలో ఒక కేంద్రానికి వెళ్ళాం. పేరు అనవసరం. సూటు వేసుకొన్న ఒకాయన మమ్మల్ని ఏసీ గదిలో కూర్చోబెట్టి, "అరవై పూటలు. లక్షా ఎనభై వేలు ముందుగా కట్టాలి. పాప వాకరు లేకుండా నడుస్తుంది, గ్యారంటీ" అన్నాడు. పిల్ల కాలు ముట్టుకోలేదు, ఎక్స్‌రే అడగలేదు.

నేను కట్టేద్దామన్నాను. అంతేకాదు, ఊరి బయట నాకున్న నూట యాభై గజాల స్థలం అమ్మేసి యంత్రమే కొనేద్దామని కూడా అన్నాను. పదకొండు నెలల బాకీ ఒక్క దెబ్బతో తీర్చేద్దామనే తొందర నాది. మా అమ్మాయి ఒప్పుకోలేదు. "నాన్నగారూ, ముప్పై నాలుగేళ్ళు సంతకం పెట్టే ముందు వెనకటి కాగితం చూడనిదే మీరు పెన్ను తీయలేదు. ఇప్పుడు ఏ కాగితం చూసి డబ్బు కడదామంటున్నారు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

అప్పుడు కాగితాలు వెతకడం మొదలుపెట్టాను. మనవడొకడు ఇంగ్లీషులోవి చదివి అర్థం చెప్పాడు. తేలిందేమిటంటే, 2020లో కోక్రేన్ అనే సంస్థ ప్రచురించిన సమీక్షలో ఇలాంటి పరీక్షలన్నీ కలిపి చూశారు. అసలు నడవకుండా ఉండటం కంటే యంత్రం సాయంతో నడిస్తే కొంత మేలు కనిపించింది. కాని అంతే సేపు, అంతే శ్రద్ధగా నేలమీద నడిపించినా ఇంచుమించు అదే మేలు. అంటే మంత్రం యంత్రంలో లేదు, అడుగుల సంఖ్యలో ఉంది. నేల మీద అన్ని అడుగులు వేయలేని పిల్లకు వేయించడానికే యంత్రం. అది నడక నేర్పే గురువు కాదు, చేయి పట్టుకొనే మనిషి.

ఇంకో సంగతి. యంత్రమే అంతా చేస్తుంటే పిల్ల ఊరికే వేలాడుతుంది. రిక్షాలో కూర్చున్నవాడికి తొక్కడం రాదు కదా. అందుకని తెలిసినవాళ్ళు మొదట యంత్రం సాయం ఎక్కువ పెట్టి, వారం వారం తగ్గిస్తారు. అమెరికాలో జాతీయ ఆరోగ్య సంస్థ వారు 2017లో వంగిన మోకాళ్ళతో నడిచే ఏడుగురు పిల్లలకు ఒక మర తొడుగు వేసి చూశారు. ఆరుగురిలో మోకాలు మునుపటి కంటే తిన్నగా సాగింది. పిల్లలు సొంత కండరాలను వాడటం మానలేదు. ఏడుగురే గనుక దాన్ని పెద్ద సాక్ష్యం అనలేం, కాని దారి అదీ.

రెండో చోటికి వెళ్ళాం. అక్కడి ఫిజియోథెరపిస్టు చిన్నమ్మాయి, ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. మాతో మాట్లాడే ముందు పిల్లతో నేలమీద కూర్చొంది. తుంటి ఎక్స్‌రే తీయించమంది. తుంటి కీలు పక్కకు జరిగి ఉన్నా, ఎముకలు పెళుసుగా ఉన్నా, కీళ్ళు పూర్తిగా బిగుసుకుపోయినా, మూర్ఛలు అదుపులో లేకపోయినా యంత్రం ఎక్కించకూడదట. ఎక్స్‌రే బాగానే ఉంది గాని మడమలు అలా ఉంటే పనికిరాదంది. ఎముకల డాక్టరు ఆరు వారాలపాటు, వారం వారం మారుస్తూ పిండి కట్లు కట్టి పిక్కలను సాగదీశారు. ఆ తరువాతే యంత్రం. గ్యారంటీ ఏమిటని నేను అడిగాను. "గ్యారంటీ లేదు తాతగారూ. ఇరవై నాలుగు పూటలు చేద్దాం. ముందు కొలుద్దాం, తరువాత కొలుద్దాం. తేడా లేకపోతే ఆపేద్దాం" అంది. తరువాత పిల్లను అడిగింది, "నీకేం కావాలి?" అని.

అప్పటికి దానికి ఏడేళ్ళు. ఏడేళ్ళలో మేమెవ్వరం ఆ ప్రశ్న వేయలేదని అప్పుడు తట్టింది. పరుగెత్తాలంటుందేమో, డాన్సు చేయాలంటుందేమో అనుకున్నాను. "బళ్ళో కుళాయి దాకా నేనే వెళ్ళాలి. ఆయమ్మను పిలిస్తే విసుక్కుంటుంది. అందుకని నేను నీళ్ళు తాగను" అంది. పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం నాలుగు దాకా పిల్ల నీళ్ళు తాగడం లేదని మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

మొదటి రోజు చట్రంలో బిగించగానే పిల్ల బిక్కమొహం వేసింది. మోటారు చప్పుడుకు నా చొక్కా పట్టుకొంది. ఆ అమ్మాయి ఎర్ర మీట చూపించి, "ఇది నొక్కితే అంతా ఆగిపోతుంది. నీ ఇష్టం వచ్చినప్పుడు ఆపమని చెప్పు" అంది. పిల్ల రెండు సార్లు ఊరికే ఆపించి చూసింది. ఆ తరువాత భయం పోయింది. దించిన ప్రతిసారీ పట్టీలు ఒరుసుకొన్న చోట చర్మం కందిందేమో చూసేవారు. వారానికి మూడు పూటలు, ఎనిమిది వారాలు. నేను ఒక నోటుపుస్తకం పెట్టాను. తేదీ, నిమిషాలు, వేగం, యంత్రం సాయం ఎంత, పిల్ల మాట ఏమిటి అని అయిదు గళ్ళు గీశాను. పదకొండో పూట ఎదురుగా రాసి ఉంది: "తాతయ్యా, ఇవాళ బొమ్మను నేనే పరుగెత్తించాను."

ఫలితం చెబుతాను, పెంచకుండా, తగ్గించకుండా. వాకరుతో ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడుస్తుందో కొలుస్తారు. ముందు 70 మీటర్లు, ఇరవై నాలుగు పూటల తరువాత 104 మీటర్లు. పది మీటర్లు నడవటానికి ముందు 62 సెకన్లు, తరువాత 41. వాకరు లేకుండా నడవలేదు. ఇప్పటికీ నడవదు. ముందుముందు కూడా నడవకపోవచ్చునని డాక్టరుగారు చెప్పారు, అమ్మాయి విన్నది, నేను కూడా విన్నాను. మూడు నెలల తరువాత మళ్ళీ కొలిస్తే 85కు దిగింది. వర్షాకాలం, వీధిలో బురద, ఇంట్లో పెళ్ళి. మేం నడిపించడం తగ్గించాం. లెక్క దాచుకోదు కదా.

అప్పుడు నాకు అసలు సంగతి అర్థమయింది. యంత్రం దగ్గర సంపాదించిన అడుగులను రోజూ ఖర్చు పెట్టే చోటు ఉండాలి. ఆ చోటు బడి. బళ్ళో తరగతి గదికి, కుళాయికి మధ్య నాలుగు మెట్లున్నాయి, పట్టుకోవటానికి రెయిలింగు లేదు. నడక వచ్చినా వాకరు మెట్లు దిగదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో సెరిబ్రల్ పాల్సీ ఉంది, బడి భవనాలు అలాంటి పిల్లలకు వీలుగా ఉండాలని కూడా ఉంది. ఇక అది నా పని. అర్జీ రాశాను. జవాబు రాలేదు, రిమైండరు పెట్టాను. మళ్ళీ రాలేదు, మళ్ళీ పెట్టాను. మూడో రిమైండరుకు "నిధులు లేవు" అని వచ్చింది. అంచనా ఎంతో చెప్పండి, తల్లిదండ్రులం తలా కొంత వేసుకుంటామన్నాం. హెడ్మాస్టరుగారు మంచివారు, మేస్త్రీని పిలిపించారు. ఇటుకలు, సిమెంటు, గొట్టపు రెయిలింగు, కూలి అన్నీ కలిపి, ఆ సూటు ఆయన అడిగిన లక్షా ఎనభై వేలలో పదో వంతు కాలేదు. ఏటవాలు దారి వచ్చింది.

ఇప్పుడు పిల్ల అయిదో తరగతి. రోజుకు నాలుగైదు సార్లు తనంతట తాను కుళాయి దాకా వెళుతుంది. కిందటి సారి కొలిస్తే 112 మీటర్లు. ఆ చివరి మీటర్లు యంత్రం ఇచ్చినవి కావు, కుళాయి ఇచ్చినవి. అయితే యంత్రం లేకపోతే కుళాయి దాకా వెళ్ళే ఓపిక వచ్చేది కాదు. రెండూ నిజమే. ఏడాదికొకసారి తుంటి ఎక్స్‌రే తీయిస్తున్నాం. పిల్ల పొడుగు సాగే వయసు వస్తోంది, అప్పుడు మళ్ళీ కొన్ని పూటలు యంత్రం అవసరం కావచ్చునన్నారు. స్థలం అమ్మలేదు. అది పిల్ల పేర ఉంచాం.

సభవారికి చివరగా నాలుగు విన్నపాలు.

మొదటిది. మన ఇళ్ళల్లో గాని, మీ వీధిలో గాని, బిడ్డ ఎనిమిది తొమ్మిది నెలలకు కూర్చోకపోతే, ఒక చెయ్యే వాడుతుంటే, కాళ్ళు కత్తెర పడుతుంటే, "మన ఇంట్లో ఆలస్యమే" అనే మాట మన నోట రాకూడదు. పెద్దల మాటకు ఇంట్లో విలువ ఉంది గనుకనే ఆ మాట ప్రమాదం. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇలాంటి పిల్లలను చూడటానికి జిల్లా ఆసుపత్రుల్లో సత్వర చికిత్సా కేంద్రాలు పెట్టారు. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. ముందు అక్కడికి తీసుకువెళ్ళండి.

రెండవది. యంత్రం పేరు చెప్పి ఎవరైనా గ్యారంటీ అంటే లేచి వచ్చేయండి. తుంటి ఎక్స్‌రే అడిగారా, ముందూ వెనకా కొలుస్తామన్నారా, యంత్రం సాయం క్రమంగా తగ్గిస్తారా, ఇంటిదగ్గర ఏం చేయాలో చెప్పారా అని అడగండి. ఈ నాలుగింటికీ జవాబు ఉంటేనే డబ్బు కట్టండి, అదీ ఏ పూటకాపూట.

మూడవది, ఇది మనకు నేరుగా సంబంధించినది. పెన్షనరుకు సొంతంగా సంపాదించుకోలేని వైకల్యం ఉన్న కొడుకు గాని కూతురు గాని ఉంటే, నిబంధనలకు లోబడి వయసు పరిమితి లేకుండా జీవితాంతం ఫ్యామిలీ పెన్షను దక్కుతుంది. ఆ పేరును, మెడికల్ సర్టిఫికెటుతో సహా, మనం బతికి ఉండగానే రికార్డులో చేర్పించాలి. తరువాత చేర్పించడం ఎంత కష్టమో సెక్షన్లో కూర్చున్నవాణ్ణి గనుక నాకు తెలుసు. మనవలకు మాత్రం ఈ హక్కు లేదు. నా పెన్షను నా మనవరాలికి రాదు. వాళ్ళ కోసం సదరం సర్టిఫికెటు తీసుకోండి. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద నిరామయ ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది, అందులో థెరపీ ఖర్చు కూడా కొంత వస్తుంది.

నాలుగవది. అర్జీ రాయడం మనకు వచ్చిన విద్య. రిటైరైనా ఆ విద్య పోలేదు. బడికి ఏటవాలు దారి లేని చోట, రెయిలింగు లేని చోట, ఒక అర్జీ, నాలుగు రిమైండర్లు మనం రాద్దాం. ఈ హాలుకు కూడా మూడు మెట్లున్నాయి, ఏటవాలు దారి లేదు. ఇవాళ మా మనవరాలిని తీసుకురావాలనుకొని, ఆ సంగతి గుర్తుకొచ్చి ఇంటి దగ్గరే ఉంచి వచ్చాను. మెట్లు ఎక్కలేక కింద కుర్చీలో కూర్చొని మైకు మాటలు వింటున్న మన సభ్యులు కూడా నలుగురున్నారు. ఈ విషయమై ఒక తీర్మానం రాసి తెచ్చాను. దానిని అధ్యక్షులవారికి సమర్పిస్తున్నాను. సభ ఆమోదించవలసిందిగా కోరుతున్నాను.